భుజం దిగిన కెమెరా సంచి

కెమెరా సామాను భుజానికి బదులు నడుముకు కట్టుకుంటే మెడకు హాయే. అయితే ఎక్కడ కట్టాలో, ఎంత బిగించాలో తెలియకపోతే నొప్పి పోదు, చోటు మారుతుందంతే.

పత్తి తీసే నెలల్లో నడుం నొప్పులు, మిరప కోతల్లో దగ్గులు, కళ్లమంటలు. మా ఓపీకి ఇదొక పంచాంగం. మాఘ, ఫాల్గుణ మాసాల ముహూర్తాలు అయిపోగానే ఫొటోగ్రాఫర్లు వస్తారు. మెడ ఒక పక్కకు తిరగదు, భుజం పట్టేసింది, చెయ్యి తిమ్మిరెక్కుతోంది అంటారు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పంట డబ్బు చేతికొచ్చాకే పెళ్లిళ్లు ఊపందుకుంటాయి. వైశాఖం వచ్చేసరికి ఈ కుర్రాళ్లకు నిద్ర కూడా ఉండదు.

కిందటేడు అలాగే చిలకలూరిపేట వైపు నుంచి ఒకతను వచ్చాడు. 38 ఏళ్లు. పదిహేనేళ్లుగా పెళ్లి ఫొటోలే జీవనాధారం. ‘ఎడమ చెయ్యి లాగుతోంది సార్, గుండెనొప్పేమోనని ఇంట్లో భయపడుతున్నారు’ అన్నాడు. వెంట వచ్చిన భార్య అంతకుముందే రెండు చోట్ల తీయించిన ఈసీజీలు బల్లమీద పెట్టింది. రెండూ బాగానే ఉన్నాయి.

చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతున్నాయట. కెమెరా కంటి దగ్గరికెత్తి అయిదు నిమిషాలు ఉంచితే చెయ్యి బరువెక్కుతుందట. అసలు సంగతి చివర్లో చెప్పాడు. రెండు రోజుల కిందట ఒక పెళ్లిలో తాళి కట్టే సమయానికి లెన్స్ మార్చబోతే వేళ్లు పట్టివ్వలేదు. లెన్స్ కిందపడింది. అది పగిలినందుకు కాదు అతని బాధ. మూడు ముళ్లలో ఒక్కటీ తీయలేకపోయాడు. ‘మళ్లీ వెయ్యమని అడగలేం కదా సార్’ అన్నాడు. పెళ్లివారు ఇస్తామన్న డబ్బులో కోత పెట్టారు. అంతకన్నా, ఆ ఊళ్లో ఇంకో పెళ్లికి తనను పిలవరనే దిగులు.

సంచి ఎక్కడుందని అడిగాను. బయట బండి మీద ఉందన్నాడు. తెప్పించి, మా ఓపీలో రోగుల బరువు చూసే మిషను మీద పెట్టించాను. ఏడున్నర కిలోలు.

నేనూ ఆదివారాల్లో కెమెరా పట్టుకుని తిరిగే మనిషినే కాబట్టి ఆ లెక్క నాకు ఆశ్చర్యమనిపించలేదు. మీరే కూడి చూడండి. కెనాన్ 5డీ మార్క్ 4 కెమెరా ఒక్కటే బ్యాటరీతో కలిపి దాదాపు 890 గ్రాములు. పెళ్లిళ్లకు రెండు కెమెరాలు తప్పవు. దూరం నుంచి తీసే 70-200 లెన్స్ దాదాపు కిలోన్నర. 24-70 లెన్స్ 800 గ్రాములు. రెండు ఫ్లాష్‌లు బ్యాటరీలతో సహా మరో కిలో. ఛార్జర్లు, అదనపు బ్యాటరీలు, నీళ్లసీసా ఉండనే ఉంటాయి. ఖాళీ సంచే కిలోన్నర. ఇదంతా తెల్లవారుజామున పెళ్లికూతుర్ని చేసే దగ్గర నుంచి అప్పగింతల దాకా ఒకే భుజం మీద, అదీ ఎడమ భుజం మీదే ఉంటుంది. కుడిచెయ్యి బటన్ నొక్కాలిగా మరి.

బడికెళ్లే పిల్లల సంచి వాళ్ల బరువులో పదో వంతు మించకూడదని 2020లో కేంద్రం స్కూల్ బ్యాగ్ విధానం తెచ్చింది. అదైనా రెండు భుజాల మీద మోసే సంచి. పెద్దవాళ్ల భుజానికి అలాంటి విధానమేమీ లేదు.

భుజం కొయ్య కాదు

చొక్కా తగిలించే కొయ్యలా భుజం గట్టిగా పాతుకుని ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి మన చేతిని మొండేనికి ఎముకతో ఎముకగా కలిపే అతుకు ఒకే ఒక్కచోట ఉంది. గొంతు కింద, కాలర్ బోన్ రొమ్ము ఎముకను తాకే చోట. మిగతాదంతా కండరాలు పట్టుకుని ఉండటమే. అంటే భుజాన వేలాడే ప్రతి కిలోనూ మోసేది ఎముక కాదు, మెడ నుంచి భుజం దాకా పరచుకున్న కండరం. సంచి జారిపోకుండా మనకు తెలియకుండానే ఆ భుజాన్ని కాస్త పైకెత్తి ఉంచుతాం. అది గంటకు కాదు, పది గంటలకూ దిగదు. ఒళ్లు ఒక పక్కకు ఒరగకుండా రెండో పక్క నడుం కండరాలు బిగపట్టుకుంటాయి. అందుకే సంచి ఎడమ వైపున్నా చాలామందికి నడుంనొప్పి కుడివైపు వస్తుంది.

చేతికి వెళ్లే నరాల కట్ట మెడలోంచి దిగి, కాలర్ బోన్‌కూ మొదటి పక్కటెముకకూ మధ్యనున్న ఇరుకు సందులోంచి వెళ్తుంది. సంచి పట్టీ సరిగ్గా ఆ సందు మీదే కూర్చుంటుంది. పైన బరువు లాగుతుంటే సందు ఇంకా ఇరుకవుతుంది. చెయ్యి పైకెత్తితే మరింత. మా చిలకలూరిపేట ఫొటోగ్రాఫరుకు చిటికెన వేలు వైపు తిమ్మిరి రావడానికి కారణం అదే. బరువైన వీపు సంచులతో సైనికులకు, కొండలెక్కేవాళ్లకు ఇలా నరం దెబ్బతిని చెయ్యి బలహీనపడటం వైద్యంలో ఎప్పటి నుంచో తెలిసిన విషయమే. దానికి సంచి పేరుతోనే ఒక పేరుంది కూడా, ‘రక్‌శాక్ పాల్సీ’ అని.

మెడ ఎక్స్‌రేలో ‘అరుగుదల ఉంది’ అని రాసి ఉంది. ఆ మాట చదివి అతను సగం చచ్చిపోయాడు. నలభై దగ్గర పడినవారికి ఎక్స్‌రే తీస్తే చాలామందిలో ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది, నొప్పి ఉన్నా లేకపోయినా. తల నెరిసినట్టే అదీనూ. చెయ్యి తిమ్మిరికి అదొక్కటే కారణమని తేల్చేసి మెడకు పట్టీ వేసి పంపించడం తేలిక. నేనూ కొత్తల్లో అలా పంపించినవాణ్ణే.

అతని రక్తంలో చక్కెర చూస్తే 236. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.2. షుగర్ ఉందని అతనికి అప్పటిదాకా తెలియదు. చక్కెర ఎక్కువగా ఉండే ఒంట్లో నరాలు సుకుమారమైపోతాయి. మామూలు మనిషి నరం ఓర్చుకునే ఒత్తిడిని అవి ఓర్చుకోలేవు. భుజం కోసం వచ్చినవాడికి షుగర్ బయటపడింది. ఇలాంటివి ఓపీలో వారానికొకటి చూస్తాం.

ఆ నొప్పి సంచిది కాకపోతే?

ఇక్కడ కాస్త ఆగి చదవండి. భుజంనొప్పి ఉన్న ప్రతివాళ్లూ సంచి మార్చేసి ఇంట్లో కూర్చోవడానికి వీల్లేదు.

ఎడమ భుజం, చెయ్యి, దవడ లాగుతూ ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, చెమటలు, ఆయాసం, నడిస్తే పెరిగి ఆగితే తగ్గడం. ఇవి ఉంటే అది గుండె. ‘గ్యాస్’ అని సోడా తాగి పడుకోకండి, 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవారికి గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండానే, వట్టి ఆయాసంతోనో చెమటలతోనో వస్తుంది. మా ఫొటోగ్రాఫరు భార్య భయపడటం అతి కాదు. ఆమె చేసింది సరైన పని.

షుగర్ ఉన్నవారిలో భుజం క్రమంగా బిగుసుకుపోయి, చెయ్యి పైకి లేవక, వెనక్కి పోక, రాత్రిళ్లు పోటు పెట్టే జబ్బు ఎక్కువ. దాన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటాం. అది సంచి మార్చితే పోయేది కాదు, వ్యాయామం చేయించాలి. ఎక్కువ రోజులుగా బీడీ, చుట్ట, సిగరెట్ కాల్చేవాళ్లలో ఒక పక్క భుజం నొప్పి రాత్రింబవళ్లు తగ్గకుండా ఉంటూ, అరచేతి కండ కరిగిపోతూ, అదే వైపు కనురెప్ప వాలిపోతుంటే ఊపిరితిత్తి పైకొసన కంతి ఉందేమో చూడాలి. కుడి భుజం నొప్పికి ఒక్కోసారి పిత్తాశయంలో రాళ్లు కారణం. రెండు చేతులూ మొరటుబారి బొత్తాలు పెట్టుకోవడం కష్టమైనా, నడకలో తూలుతున్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా మెడలో వెన్నుపాము నలుగుతోందేమో అనుమానించాలి. అలాంటప్పుడు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు.

ఇవేవీ కాదని తేలాకే అతని సంచి దగ్గరికి వచ్చాం.

పత్తి చేలో ఉన్న పాఠం

బరువు భుజం దిగాలంటే ఎక్కడికి పోవాలి? పల్నాడు నల్లరేగడి చేలల్లో పత్తి తీసే ఆడవాళ్లను చూడండి. పాత చీరముక్కో గోనెపట్టో నడుముకు ఒడిలా కట్టుకుని, రెండు చేతులా తీసిన పత్తి అందులో వేసుకుంటూ పోతారు. చేతులు ఖాళీ, భుజాలు ఖాళీ. బొడ్లో చిన్న గుడ్డసంచి దోపుకుని ఒక్కాకు, చిల్లర అందులో పెట్టుకున్న నాయనమ్మలు మనకు తెలుసు. పంచె మీద జేబులున్న వెడల్పాటి ఆకుపచ్చ బెల్టు పెట్టుకుని సంతకెళ్లిన తాతల్ని నా వయసువాళ్లు చూసే ఉంటారు. ఇది మన ఒక్కళ్లకే తోచిన తెలివి కాదు. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు మంచుకొండల్లో దొరికిన ఓట్జీ అనే మనిషి శరీరం దాదాపు 5,300 ఏళ్ల నాటిది. అతని నడుం బెల్టుకు ఒక చిన్న తోలు తిత్తి కుట్టి ఉంది. అందులో చెకుముకి రాతి పనిముట్లు, ఎముక సూది, నిప్పు రాజేసుకునే ఎండిన పుట్టగొడుగు ఉన్నాయి. అవసరమైనవి, చిన్నవి, చేతికి వెంటనే అందాల్సినవి.

నడుము దగ్గర బరువు పెడితే అది కటి ఎముక మీదుగా నేరుగా కాళ్లలోకి దిగుతుంది. మెడకు, వెన్నుకు దాంతో పని లేదు. పెద్ద వీపు సంచులకు నడుం పట్టీ పెట్టేదీ అందుకే. కెమెరా సామాను అమ్మే కంపెనీలు ఇదే సూత్రం మీద నడుముకు కట్టుకునే పౌచ్‌లు తెచ్చాయి. లోపల మెత్తటి అరలుంటాయి. ఒక లెన్స్, ఒక ఫ్లాష్, బ్యాటరీలు, కార్డులు పడతాయి. కొన్నింటిలో చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కూడా పడుతుంది.

మా ఫొటోగ్రాఫరుకు ఇదే చెప్పాను. ఒక కెమెరా చేతిలో, రెండోది వీపు మీదుగా వెళ్లే రెండు పట్టీల హార్నెస్‌కు. అప్పటికప్పుడు కావాల్సినవి మాత్రం నడుం పౌచ్‌లో. మిగతాది కల్యాణ మండపంలో నమ్మకమైన వాళ్ల దగ్గర పెట్టెలో పెట్టమన్నాను. మెడకు కొన్ని వ్యాయామాలు రాసి, షుగర్‌కు మందు మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి వేళ్ల తిమ్మిరి సగానికి పైగా తగ్గింది. చెప్పినట్టు విన్నాడని సంతోషించాను.

రెండో నెల చివర్లో మళ్లీ వచ్చాడు. ‘సార్, చెయ్యి బాగుంది. ఇప్పుడు తొడ మండుతోంది’ అన్నాడు.

బెల్టు కట్టుకోమన్నది నేనే

కుడి తొడ బయటి వైపు, అరచేయంత మేర. మంట, సూదులు గుచ్చినట్టు, ప్యాంటు గుడ్డ తగిలినా చిరాకు. తడిమితే మొద్దు. కాలు బలం మాత్రం పూర్తిగా బాగుంది, మోకాలి కిందకు ఏమీ లేదు. పౌచ్ చూపించమన్నాను. జారిపోతుందని బెల్టు ఊపిరాడనంత బిగించి, పొట్ట కిందకు, తొడ మొదట్లోకి దించి కట్టాడు. లోపల పెద్ద లెన్స్, రెండు ఫ్లాష్‌లు, అరలీటరు నీళ్లసీసా, తాళంచెవుల గుత్తి, పర్సు ఉన్నాయి. తూచితే మూడు కిలోలకు పైనే ఉంది. భుజం మీద నుంచి దింపిన బరువులో దాదాపు సగం తెచ్చి తొడ నరం మీద పెట్టాడన్నమాట. ఎక్కడ కట్టుకోవాలో, ఎంత బిగించాలో, ఎంత పెట్టాలో నేను చెప్పలేదు. ‘నడుముకు కట్టుకో’ అని మాత్రం చెప్పాను. మందు పేరు చెప్పి మోతాదు చెప్పకపోవడం లాంటిదే ఇది.

తొడ బయటి చర్మానికి స్పర్శనిచ్చే నరమొకటి కటి ఎముక ముందు కొసకు ఆనుకుని, గజ్జల పట్టీ కిందుగా దిగుతుంది. అక్కడ బిగుతుగా ఏది కట్టినా నలిగిపోతుంది. ఈ బాధను ‘మెరాల్జియా పారెస్థెటికా’ అంటారు. పేరు భయపెడుతుంది గానీ ఇది ప్రాణం మీదికొచ్చేది కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్ తనకే వచ్చిన ఈ మంట గురించి 1895లో ఒక వైద్య పత్రికలో రాశాడు. బరువైన డ్యూటీ బెల్టులు పెట్టుకునే పోలీసులు, పనిముట్ల బెల్టులు కట్టుకునే కార్మికులు, బిగుతు జీన్స్ వేసుకునే పిల్లలు, నిండు గర్భిణులు, పొట్ట ఉన్నవారు, షుగర్ ఉన్నవారికి ఇది వస్తుంటుంది. మావాడికి వీటిలో పొట్ట, షుగర్, బెల్టు మూడూ ఉన్నాయి.

వైద్యం ఏమిటంటే, మొదట ఆ బిగుతు తీసెయ్యడమే. చాలామందికి కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. మంట నిద్ర పట్టనివ్వకపోతే మందులున్నాయి. తిమ్మిరి మోకాలు దాటి పాదం దాకా పోతున్నా, కాలు బలం తగ్గినా, నడుం నుంచి షాక్ కొట్టినట్టు దిగుతున్నా అది వేరే నరం సంగతి, దాన్ని విడిగా చూపించుకోవాలి.

పౌచ్ ఎక్కడ కట్టాలో తెలుసుకోవాలంటే ఇలా చేయండి. కోపంగా ఉన్న అత్తగారిలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడండి. అరచేతి కింద రెండు వైపులా గట్టిగా అంచులా తగిలే ఎముక ఉంటుంది. బెల్టు ఆ అంచు మీద కూర్చోవాలి. దానికి కిందకు జారి ముందు కొసను నొక్కకూడదు, పైకి పోయి పొట్టను కోయకూడదు. బెల్టుకూ ఒంటికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. సన్నటి పట్టీ కోస్తుంది, కాబట్టి మూడు నాలుగు వేళ్ల వెడల్పున్న మెత్తటి పట్టీ కొనండి. పౌచ్ పక్కకు, కాస్త వెనక్కి ఉంచి, సామాను తీసేటప్పుడు ముందుకు జరుపుకోండి. రోజంతా ముందు వేలాడదీస్తే ఒళ్లు ముందుకు లాగి నడుము నొప్పి మొదలవుతుంది. పత్తి తీసే ఆడవాళ్ల నడుములు మేము చూస్తూనే ఉన్నాం. కానీ వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. ఒడి నిండగానే వెళ్లి కుప్ప పోసి ఖాళీ ఒడితో వస్తారు. ఫొటోగ్రాఫరు పొద్దున నింపిన పౌచ్‌ను రాత్రికి గానీ విప్పడు.

ఎంత బరువు పెట్టొచ్చని అడుగుతారు. నా మట్టుకు నేను రెండు కిలోలు దాటనివ్వను. ఇది గ్రంథాల్లోంచి తెచ్చిన అంకె కాదు, నేను, నా దగ్గరికొచ్చినవాళ్లు మోసి చూశాక కుదిరిన అంకె. అంతకన్నా ఉంటే రెండు వైపులా రెండు పౌచ్‌లు పెట్టుకోవాలి, లేదా బెల్టును భుజాలకు తగిలించే పట్టీలతో కలపాలి. కూర్చుని భోంచేసేటప్పుడు బకిల్ విప్పేయండి. కూర్చుంటే బెల్టు గజ్జల్లోకి మడిచి నొక్కుతుంది. కారులో సీటు బెల్టు పౌచ్ మీదుగా పెట్టుకోకూడదు. బండి మీద వెళ్లేటప్పుడు పౌచ్‌ను వెన్నుపూస మీదకు తిప్పి పెట్టుకునే అలవాటు కొందరికుంది. వెల్లకిలా పడితే ఆ గట్టి లెన్స్ వెన్నులో దిగుతుంది. దయచేసి బండెక్కే ముందు తీసి సంచిలో వేయండి. వెనక జేబులో లావుపాటి పర్సు పెట్టుకుని గంటలకొద్దీ బండి నడిపితే పిరుదులో నరం నలిగి కాలు లాగుతుంది. అది కూడా ఆ సంచిలోనే పడేయండి.

విడి బ్యాటరీలను తాళంచెవులతో, చిల్లరతో కలిపి వేయకండి. లోహం తగిలి షార్ట్ అయితే ఒంటిమీదే కాలుతుంది. వాటి ప్లాస్టిక్ మూతలు పారేయకుండా ఉంచుకోండి.

చెమట, తామర, మిరపకారం

మన ఎండల్లో నడుం చుట్టూ పొద్దస్తమానం మెత్తటి నురగ పట్టీ కట్టుకుంటే కింద ఏమవుతుందో మొలతాడు కట్టే చోట గమనించినవాళ్లకు తెలుసు. తామర. గుండ్రటి ఎర్రటి మచ్చ, అంచున పొలుసు, రాత్రిళ్లు దురద. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇస్తారు. రాయగానే దురద మాయమవుతుంది. వారానికి మళ్లీ వస్తుంది, ఈసారి రెండింతలు. ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది దురదను అణచి ఫంగస్‌ను పెంచుతుంది. అలాంటి కేసులు మా చర్మవ్యాధుల విభాగం ముందు బారులు తీరి ఉంటాయి. డాక్టరుకు చూపించకుండా ట్యూబు కొనకండి. బెల్టు బనియన్ మీద, చొక్కా మీద కట్టండి. నేరుగా ఒంటికి తగలనీయకండి. ఇంటికొచ్చాక పట్టీని ఎండలో ఆరేయండి, వారానికోసారి ఉతకండి. ఒకరి బెల్టు ఇంకొకరు కట్టుకోవద్దు.

గుంటూరు మిర్చి యార్డులో ఫొటోలు తీయబోయే కుర్రాళ్లకు ఇంకో మాట. టిక్కీల మధ్య తిరిగొచ్చాక సంచికి, బెల్టుకు, చేతులకు కారం పట్టే ఉంటుంది. ఆ చేత్తో కెమెరా ఎత్తి కంటికి ఆనించినా, చెమట పట్టిన నడుము మీద ఆ బెల్టు కట్టుకున్నా చుక్కలు కనిపిస్తాయి. మిరపలో మంట పుట్టించే పదార్థం నూనెలో కరుగుతుంది గానీ నీళ్లతో సరిగా పోదు. చేతులకు కాస్త వంటనూనె రాసి, తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. కంట్లో పడితే మాత్రం మంచినీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించండి.

కెమెరా ముట్టనివాళ్లకు కూడా ఇక్కడొక విషయముంది. మన ఇళ్లల్లో అమ్మలు, అత్తలు లంగా బొందును ఏళ్ల తరబడి ఒకే చోట బిగించి కడతారు. అక్కడ చర్మం నల్లబడి, మందమై, రాసుకుపోయి పుండవుతుంది. మహారాష్ట్రలోని వార్ధా, బిహార్ వైద్యులు ఇలాంటి చోట మానని పుండు క్యాన్సర్‌గా మారిన ఇద్దరు మహిళల గురించి 2024లో ‘బీఎంజే కేస్ రిపోర్ట్స్’లో రాశారు. ఇది చాలా అరుదు, కంగారుపడాల్సింది లేదు. అయినా బొందు బదులు వెడల్పాటి పట్టీ కుట్టించండి, కట్టే చోటును అప్పుడప్పుడు మార్చమనండి. అక్కడ నెల దాటినా మానని పుండు ఉంటే డాక్టరుకు చూపించండి. అడిగితే గానీ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

గర్భిణులు, కడుపు ఆపరేషనై కొన్ని నెలలే అయినవారు, గజ్జల్లో గానీ బొడ్డు దగ్గర గానీ దగ్గితే ఉబ్బు కనిపించేవారు నడుం పౌచ్ జోలికి పోకుండా తేలికపాటి వీపు సంచి వాడుకోవడమే మేలు. తిన్న వెంటనే బిగుతు బెల్టు కడితే పుల్లటి త్రేన్పులు పెరుగుతాయి. ఆ సమస్య ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు.

బెల్టు చెప్పే ఇంకో కబురుంది. ఏడాదిలో మీ బెల్టు రెండు రంధ్రాలు ముందుకొస్తే అది బెల్టు సంగతి కాదు. మన జాతివాళ్లలో మగవారి నడుం చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారిది 80 దాటితే షుగర్, గుండెజబ్బుల ముప్పు పెరిగినట్టు లెక్క. టేపుతో బొడ్డు పై భాగాన ఊపిరి వదిలి కొలవండి. మా ఫొటోగ్రాఫరుది 101. వేళకు తిండి ఉండదు, రాత్రి ముహూర్తాలు, పెళ్లి భోజనాలు, మధ్యలో టీలు. మంచినీళ్లు తాగితే ఒకటికి వెళ్లాల్సొస్తుందని అవీ తాగరు. ఎండాకాలం పెళ్లిళ్ల తర్వాత మూత్రంలో మంట, రాళ్లతో వచ్చే ఫొటోగ్రాఫర్లు వేరే జాబితా. పౌచ్‌లో రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలకు ఎప్పుడూ చోటుంటుంది. షుగర్ మందులు వాడేవాళ్లు నాలుగు చక్కెర బిళ్లలు కూడా పెట్టుకోండి. ఇన్సులిన్ మాత్రం ఎండలో నడుముకు కట్టుకుని తిరగకండి, పాడైపోతుంది.

నా పౌచ్‌లో ఏముందంటారా? గుంటూరుకు కూతవేటు దూరంలో ఉప్పలపాడు చెరువు ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లనిండా వాలి ఉంటాయి. ఆదివారం పొద్దున్నే వెళ్తాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరా మెడలో, నడుముకు చిన్న పౌచ్. అందులో ఒక 50 ఎంఎం లెన్స్, అది 160 గ్రాములే. ఒక బ్యాటరీ, ఒక కార్డు, తుడిచే గుడ్డ. పెద్ద లెన్స్ లేకుండా పక్షులేం పడతాయని మా అబ్బాయి నవ్వుతాడు. పడవు, నిజమే. చెరువు గట్టంతా తిరిగొచ్చినా సోమవారం ఓపీలో మెడ తిరుగుతుంది కదా, నాకు అది చాలు.

మొన్న శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల కింద జనం మధ్య మా చిలకలూరిపేట అతను కనిపించాడు. పౌచ్ సరిగ్గా ఎముక అంచు మీద ఉంది. చూశానని తెలిసి రెండు వేళ్లు బెల్టులోకి దూర్చి చూపించాడు. తొడ ఎలా ఉందంటే ‘రూపాయి బిళ్లంత మిగిలింది సార్’ అన్నాడు. షుగర్ మాత్రలు వేళకు వేసుకుంటున్నారా అని అడిగాను. కెమెరా కంటికెత్తుకుని, ‘సార్, ఇటు చూడండి’ అన్నాడు.